మెంతుల హారను

మా అవ్వ చేసిన కాగితపు హారను పెండ్లిలో వానకు నానిపోయిందని, దాంతో మా చిన్నాయన మైకు సెట్టు మొదటి రోజే మూతపడిందని మా చుట్టాలందరికీ తెలుసు. అంత బాగా తెలియడానికి కారణం నేనే. పెండ్లి పందిళ్ల కింద, పెద్దకర్మల దగ్గర, మొయినాబాద్‌లో నా ఎలక్ట్రికల్ దుకాణం ముందు చాయ్ తాగుతూ, ఎక్కడ నలుగురు కూడితే అక్కడ ఆ కథ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నవ్వారు. నవ్వించే కథకు బరువెక్కువైతే కుదరదు కాబట్టి ఒక ముక్క వదిలేస్తూ వచ్చాను. ఆ ముక్క లేకపోతే కథ అబద్ధమని ఈమధ్యే తెలిసింది. అది కూడా ఒక చాదస్తపు మనిషి పుణ్యమా అని.

అసలు నాకు చప్పుడంటేనే విసుగు. శని, ఆదివారాలొస్తే చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో డీజేలు మొదలవుతాయి. మా దుకాణంలో బల్బులు డబ్బాల్లోనే వణుకుతాయి. పొద్దున లేస్తే పాత సామాను కొనే బండి మీద రికార్డు చేసిన గొంతు గల్లీ గల్లీ తిరుగుతుంది. మనిషి బండి మీద నిద్రపోతుంటాడు, గొంతు మాత్రం అరుస్తుంటుంది. ఇలాంటి నాకు అజీజ్‌నగర్ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"ఏవండీ, హారన్ యూనిట్లు దొరుకుతాయా మీ దగ్గర? పాతవైనా పర్లేదండి. హారన్లు నేనే చేసుకుంటున్నాను."

ఆయనది కోస్తా. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాడు. అజీజ్‌నగర్‌లో చిన్న స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. పాటలు వినడానికి పెద్ద హారన్ల స్పీకర్లు కావాలని కోరిక. వాటి ధర చూస్తే గుండె ఆగుతుంది, అందుకని ఇంట్లో తయారీ. హారను వెనక శబ్దం పుట్టించే ఆ యూనిట్లు పట్టుకుని వెళ్లేసరికి గేటు దాకా కుళ్లు వాసన. వరండాలో పాత పేపర్లు నానబెట్టి, మైదా గంజి కలిపి, చెక్క అచ్చు మీద మెత్తాడు. దాని మీద బూజు. బూజు మీద చీమలు.

"కొనుక్కోండి మహానుభావా అంటే వినరండీ," అంది ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి. "మా ఇంటికి చుట్టాలు రావడం మానేశారు."

"మైదా ఎవరన్న పోస్తరా సార్?" అన్నాను. "చీమలకు దావత్ ఇచ్చినట్టే. మెంతులు నానవెట్టి రుబ్బి కలుపాలె. మా అవ్వ గట్లనే చేసేది."

"మీ అవ్వగారు హారన్లు చేసేవారా?" అన్నాడాయన, కళ్లు పెద్దవి చేసి.

ఇంకేముంది. కుర్చీ లాక్కుని కథ మొదలుపెట్టాను.

మాది చేవెళ్ల రోడ్డు మీది ఊరు. ఇంటి ముందు భాగంలో బాపు కిరాణా దుకాణం, వెనక మేము. బాపు తమ్ముడు, మా చిన్నాయన, దుకాణంలో కాంటా పట్టుకుని కూర్చునేవాడే కాని మనసు అక్కడ ఉండేది కాదు. ఎక్కడ మైకు మోగినా చక్కెర తూకం మధ్యలో ఆగిపోయేది. చుట్టుపక్కల ఎవరింట్లో శుభకార్యమైనా మైకు చేవెళ్ల నుంచే రావాలి. ఆ మైకు ఆసామి నఖరాలు ఇన్నీ అన్నీ కావు. వాడికి చాయ్ వేరే గ్లాసులో కావాలి, కుర్చీ మీద తువ్వాల వేయాలి, కోపమొస్తే పాట మధ్యలో వైరు పీకేవాడు. వాడి నఖరాలు అణచాలని చిన్నాయన కోరిక.

ఒక గురువారం నన్ను వెంటబెట్టుకుని హైదరాబాద్ జుమ్మేరాత్ బజారుకు పోయాడు. పాత సామాను గుట్టల మధ్య పొద్దంతా బేరం చేసి ఒక ఆంప్లిఫయరు, పాతకాలపు పొడుగు హారను ఒకటి, హారను వెనక బిగించే యూనిట్లు రెండు కొన్నాడు. రెండో హారనుకు చేతిలో ఏమీ మిగల్లేదు. మెహిదీపట్నంలో బస్సెక్కబోతే కండక్టరు అడ్డంపడ్డాడు.

"గిదేంది? దీనికి గూడ టికెట్ తీస్కో. మనిషి కంటే పొడుగున్నది."

"ఇది కూసోదన్నా, నిలవడ్తది," అన్నాడు చిన్నాయన.

"నిలవడ్డోళ్లకు టికెట్ వద్దంటే బస్సుల సగం మంది ఫుకట్లనే పోతరు. జరుగు జరుగు."

చివరికి డ్రైవరు వెనక చోటిచ్చారు. కూరగాయలు అమ్మి వస్తున్న ఒకావిడ, మిగిలిన కొత్తిమీర కట్టలు వాడిపోతాయని హారను మూతిలో సర్దింది. ఇంటికి చేరి దాన్ని దించితే ఇల్లంతా కొత్తిమీర వాసన.

బాపు దుకాణం దిగి వచ్చి చూశాడు. యూనిట్లు ఒక చేత్తో, హారను ఒక చేత్తో ఎత్తి చూశాడు.

"గొంతులు రెండు, మూతి ఒక్కటి. గిసుంటి బేరం దునియాల నువ్వొక్కనివే చేస్తవ్," అన్నాడు.

రెండు హారన్లు ఎందుకంటే, మా దిక్కు పెండ్లిలో చదివింపులు మైకులో చదువుతారు. ఎవరు ఏం పెట్టారో వాళ్ల పేరుతో సహా వినపడాలి. పిల్ల ఊరి దిక్కు ఒక హారను, పిల్లగాని ఊరి దిక్కు ఒకటి. ఒక్కటే ఉంటే అది ఎటు తిరగాలన్న దగ్గరే గొడవ మొదలవుతుంది. అలా మాట పడి వియ్యంకులు పంక్తిలోంచి లేచిపోయిన పెండ్లిళ్లు ఉన్నాయి.

కొద్దిరోజులకే మా ఊరి పటేల్ దుకాణానికి వచ్చాడు. బిడ్డ పెండ్లి. పిల్లగానిది కొండకల్ దిక్కు.

"సేటూ, నీ తమ్ముడు మైకు తెచ్చిండంట గదా. ఆ చేవెళ్లోని నఖరాలు పడలేక సస్తున్న. హారన్లు రెండున్నయా?"

బాపు నోరు తెరిచేలోపే చిన్నాయన, "ఉన్నయ్ పటేలా!" అన్నాడు.

పటేల్ పోయాక బాపు కాంటా ముందుకు లాక్కున్నాడు. చింతపండు తూచి, కాగితంలో కట్టి, దారం తెంపి, అప్పుడన్నాడు. "ఇను. ఈ పెండ్లిల నీ మైకు సక్కగ మోగితే నీ ఇష్టం, మైకే పట్టుకో, నేను అడ్డం రాను. ఇజ్జత్ పోతే మాత్రం ఆ డబ్బలు అమ్మేసి శంకర్‌పల్లిల మామ దుకాన్ల కూసుంటవ్. మల్ల మైకు ముచ్చట తేవద్దు."

"సరే," అన్నాడు చిన్నాయన.

లోపల గడప దగ్గర చాటలో మెంతులు చెరుగుతున్న అవ్వ, మా నాయనమ్మ, ఇదంతా విన్నది. "ఆ ఇనుప బూర ఇటు తే," అంది. చిన్నాయన తెచ్చాడు. అవ్వ దాన్ని మూతి కిందికి పెట్టి నేల మీద బోర్లించింది. చుట్టూ చూసింది. వేలి కణుపుతో కొట్టి చూసింది.

"కుండ మీద మెత్తి గంప చేస్త. దీని మీద మెత్తి బూర చెయ్యనా?"

ఆ కాలంలో ఇళ్లలో కాగితపు గంపలు మామూలే. పాత కాగితాలు నానబెట్టి, రోట్లో దంచి, మెంతుల ముద్దా చింతగింజల గంజీ కలిపి, బోర్లించిన కుండ మీద మెత్తుతారు. ఎండాక కుండ తీసేస్తే గంప. మెంతుల జిగటకు ముద్ద గట్టిపడుతుంది, చేదుకు పురుగు ముట్టదు. పప్పులు, వడియాలు అందులోనే పోసుకునేవాళ్లు. అవ్వ గంపలకు ఊళ్లో పేరుండేది. మిద్దె మీది నుంచి పడ్డా సొట్టపోదని చెప్పుకునేవాళ్లు.

కాని కాగితాలు ఎక్కడివి? బాపు పొట్లాలు కట్టే పాత పేపర్ల దొంతర. మెంతులు ఎక్కడివి? బాపు దుకాణంలోని డబ్బా. యూనిట్టు బిగించడానికి మెడ కావాలంటే చిన్నాయన నూనె గరాటు గొట్టం కోసేశాడు. ఆ వారం బాపు పడ్డ యాతన చూడాలి. ఉప్పు కావాలని వచ్చినవాళ్లతో "కొంగు పట్టమ్మా, కాగితాల్లేవ్" అనేవాడు. గరాటు లేక మంచినూనె సీసాల్లో కంటే నేల మీద ఎక్కువ పోసేవాడు. "నా గరాటేది? నా గరాటేదిరా?" అని అరిస్తే ఇంట్లో ఎవరూ పలికేవాళ్లం కాదు.

దుకాణమంతా మెంతుల వాసన. వచ్చినవాళ్లు ముక్కు ఎగబీల్చి, "సేటూ, ఇయ్యాల మెంతుల పులుసా?" అని అడిగేవాళ్లు. "పులుసు గాదు, నా పిండం," అనేవాడు బాపు.

నేను అవ్వ చూడకుండా ఆ ముద్ద ఉండలు చేసి దూలానికి విసిరేవాణ్ని. టప్పున అతుక్కునేవి. ఎండాక ఒక్కొక్కటే రాలడం మొదలుపెట్టాయి. కందిపప్పు తూస్తుంటే ఒకటి సరిగ్గా కాంటా పళ్లెంలో పడింది. బాపు తలెత్తి దూలాన్ని చూశాడు. "ఇల్లు గూడ మెంతులు పెడ్తున్నది," అన్నాడు నీరసంగా. నన్ను కొట్టడానికి కూడా ఓపిక లేదు.

ఇనుప హారను మీద బూడిద చల్లి, పాత ధోవతి గుడ్డ కప్పి, అవ్వ పొర మీద పొర మెత్తింది. ఒక పొర ఎండితే కాని రెండోది వేయనిచ్చేది కాదు. "జల్ది చెయ్యవే" అని చిన్నాయన తిరుగుతుంటే, "నీ పెండ్లా పటేల్ బిడ్డ పెండ్లా? ఆగు," అనేది. పూర్తిగా ఎండాక పైకి లాగితే గుడ్డ చప్పుడు చేసి ఊడివచ్చింది. పొడుగు మెడ, విచ్చుకున్న మూతి, అచ్చం అదే. దుకాణం తలుపులకు వేయగా మిగిలిన వెండి రంగు, తడి దిగకుండా బయట పూశారు. లోపలికి చాలలేదు.

పెండ్లి రోజు పందిరికి రెండు దిక్కులా రెండు హారన్లు కట్టారు. ఊరి దిక్కు ఇనుపది, కొండకల్ దిక్కు అవ్వది. ఎవరూ గుర్తుపట్టలేదు. మధ్యాహ్నం దాటాక చదివింపులు మొదలయ్యాయి. చిన్నాయనే మైకు పట్టుకుని పేర్లు చదివాడు. ఇంతలో అకాల వాన. గాలికి పందిరి లేచింది. కాగితపు హారను నిండా నీళ్లు. అందులోంచి వచ్చే పేర్లు చెరువులో మునుగుతున్న బర్రె అరుపులా తయారయ్యాయి. చూస్తుండగానే మూతి కిందికి సాగింది, పొరలు పొరలుగా విచ్చుకుంది, యూనిట్టు వైరుకు వేలాడింది. చేవెళ్ల మైకు ఆసామి పెండ్లికి చుట్టంగా వచ్చి ఉన్నాడు. వాడు లేచి నిలబడి అన్నాడు:

"సేట్ల మైకు గదా! పొట్లం ఇప్పుకున్నది!"

పందిరంతా నవ్వు. చిన్నాయన శంకర్‌పల్లికి పోయాడు. బతికినంత కాలం ఆయన్ను వెనక 'పొట్లాల మైకు' అనే పిలిచారు.

ఇదీ నేను చెప్పే కథ. ఇక్కడికొచ్చేసరికి ఎవరైనా కడుపు పట్టుకుంటారు. అజీజ్‌నగర్ ఆయన భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు. బూజు పట్టిన ముద్దను గోటితో గీకుతూ అడిగాడు.

"వాన పడకముందు ఎలా పలికిందండీ?"

"ఏంది సార్?"

"అదేనండీ, పొడిగా ఉన్నప్పుడు. ఇనుములా గింగురుమనదు కదా కాగితం. వినడానికి ఎలా ఉండింది?"

"వాన పడ్డది, పాడైంది. గంతే సార్ కథ," అన్నాను. నాకు మండింది. అంత మంచి కథ చెబితే అడిగే ప్రశ్నేనా అది? యూనిట్లు అక్కడ పెట్టి బండెక్కాను. దారి పొడుగునా ఆయన్ను తిట్టుకున్నాను. మొయినాబాద్ వచ్చేసరికి తిట్లు అయిపోయి, ప్రశ్న మిగిలింది.

ఎందుకంటే జవాబు నాకు తెలుసు. ఇప్పుడు బతికి ఉన్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు.

ఆ రోజు పొద్దున మైకు పెట్టగానే, ఇనుప హారను కింద కూర్చున్నవాళ్లు చెవులు మూసుకున్నారు. అది ప్రతి మాటకూ గీపెట్టేది. కాసేపటికి ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని, ఎవరూ చెప్పకుండానే, అవ్వ హారను దిక్కుకు జరిగారు. ఒక ముసలాయన సరిగ్గా దాని కిందే గోడకు ఆనుకుని కునుకు తీశాడు. పాట వస్తుంటే పక్కనే ఎవరో కూర్చుని పాడుతున్నట్టుంది.

అవ్వ పెండ్లికి రాలేదు. బర్రెను తోలుకొస్తానని చెప్పి, కొండకల్ దారిలో మోరీ గట్టు మీద కూర్చుంది. మోరీకీ పందిరికీ మధ్య రెండు మళ్లు. నన్ను భోజనానికి పిలుచుకురమ్మంటే పోయాను. బర్రె ఎటో పోయింది. అవ్వ ఆ హారనుకు ఎదురుగా, మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని, కొంగు చెవుల మీది నుంచి వెనక్కి తీసి వింటున్నది. చిన్నాయన గొంతు పొలాల మీది నుంచి వస్తున్నది.

"ఇన్నవారా?" అంది నన్ను చూసి. "ఆ ఇనుపది మొరుగుతున్నది. నాది మాట్లాడుతున్నది."

అంత సంబరంగా ఉన్న అవ్వ ముఖం నేను మళ్లీ చూడలేదు.

మాట్లాడే గొంతు ఎంత దూరం పోతుంది? పిల్లగాని పెద్దలు గొణగడం మొదలుపెట్టారు. మా పేర్లు మా ఊరి దాకా వినపడటం లేదు, మీ దిక్కేమో ఊరంతా మోగుతున్నది అని. పటేల్‌కు పౌరుషమొచ్చింది. వెదురు గడ పెట్టి హారను మూతి పైకి లేపించాడు, మాట గుట్టలు దాటాలని. పడమట మబ్బు నల్లగా కమ్ముకుంటున్నది. మోరీ మీది నుంచి అవ్వ రెండూ చూసింది.

"అరేయ్, ఉరుకు! మూతి కిందికి వంచుమని చెప్పు చిన్నాయినకు. లోపల రంగు లేదని ఆనికి చెప్పే కట్టనిచ్చిన. వంచి కడితె వాన ఏం చెయ్యదు. బోర్లిచ్చిన గంపల నీళ్లు పడ్తయారా?"

ఉరికాను. చెప్పాను. చిన్నాయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టి విన్నాడు, పటేల్ వైపు చూశాడు. "పటేలా, జర వంచుదామా?"

"ముసలామె ముచ్చట ఇంటవా, నా వియ్యంకుని ముచ్చట ఇంటవా?" అన్నాడు పటేల్. "సదువు!"

చిన్నాయన చదివాడు. తర్వాత వాన పడింది.

సాయంత్రం హారనును చాపలో చుట్టి ఇంటికి తెచ్చారు. అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని తిప్పి చూసింది. లోపలి పొరలే ఊడాయి, రంగు పూసిన బయటి పొర గట్టిగానే ఉంది. నీళ్లన్నీ మూతిలోంచే లోపలికి పోయాయి. "మూతి ఎటు పెట్టిండ్రు?" అని అడిగింది. చిన్నాయన తల వంచుకున్నాడు. బాపు దీపం సరిచేశాడు. నేనూ పలకలేదు. పటేల్ మా పెద్ద గిరాకి.

మర్నాడు ఇరుగుపొరుగు వచ్చి నవ్వితే అవ్వే చెప్పింది, "మెంతులు తక్కువైనయ్ బిడ్డా, నాదే తప్పు." పటేల్ మాట పడలేదు, చిన్నాయన మాట పడలేదు. ఊరు తృప్తిగా ఇంటికి పోయింది. ఆ తర్వాత అవ్వ కాగితాలు నానబెట్టలేదు. ఎవరైనా గంప అడిగితే, "కాగితాలు పొట్లాలకు గావాలె గదమ్మా," అనేది. బాపు చాలాసార్లు తనే పేపర్ల కట్ట తెచ్చి రోలు పక్కన పెట్టేవాడు. అది అక్కడే పసుపురంగుకు తిరిగేది.

నా పెండ్లిలో, కొత్త చుట్టాల ముందు, నేను ఆ కథ చెప్పాను. అవ్వ అక్కడే పీట మీద కూర్చుని ఉంది. అందరితో పాటు బోసి నోటితో నవ్వింది. "అవునయ్యా, మెంతులు తక్కువైనయ్," అని కథకు ముగింపు కూడా తనే ఇచ్చింది. ఆ ముగింపుకు చప్పట్లు వచ్చాయి. అప్పటి నుంచి నేను కథను అలాగే ముగిస్తూ వచ్చాను.

మెంతులు తక్కువ కాలేదు. రాయాల్సింది ఇదే. మా అవ్వ చేసిన హారను బాగా పలికింది, ఆమె కట్టమన్నట్టు మేము కట్టలేదు.

వారం తర్వాత మెంతులు నానబెట్టి, రుబ్బించి, డబ్బాలో పోసుకుని అజీజ్‌నగర్ పోయాను. ఆయన ముద్ద పారబోసి మళ్లీ మొదలుపెట్టాం. ఒక పొర ఎండకముందే రెండోది వేయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. అంత చదువుకున్న మనిషికి ఆగడం రాదు. ఆయన భార్యకు ఈసారి మెంతుల వాసనతో తలనొప్పి. ఎండలు ముదిరేసరికి హారను ఎండింది. గోడకు కట్టి, యూనిట్టు బిగించి, పాట పెట్టేముందు ఆయన మైకు పట్టుకుని మెల్లగా, "హలో... వినపడుతోందా?" అన్నాడు.

వంటింట్లోంచి ఆయన భార్య వచ్చింది, చేతులు తుడుచుకుంటూ. "పిలిచారా? ఏం కావాలి?"

ఆయన నా వైపు చూశాడు. నేను హారను వైపు చూస్తున్నాను.

"సార్, మూతి జర కిందికి వంచుండ్రి," అన్నాను.

"గదిలో వాన ఎందుకు పడుతుందండీ?"

"పడదు సార్. అయినా వంచుండ్రి."

ఆయన విసుక్కుంటూనే స్టూలెక్కి వంచాడు.